టైటానియం పొడికి ఏ బైండర్ వాడుతున్నారు?

కర్నూలు_మోల్డర్: మేము స్టీలు పొడితో ఇంజెక్షన్ మోల్డింగ్ చేస్తాం: పొడిని బైండర్ అనే జిగురుతో కలిపి అచ్చులోకి ఎక్కించి, తరువాత బైండర్ తీసేసి, ముక్కను ఫర్నేస్‌లో కాల్చి గట్టిపరుస్తాం. ఇప్పుడు ఒకరు టైటానియంలో, అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రమంలో, చిన్న భాగం అడుగుతున్నారు. స్టీలుకు వాడే మైనం, పాలీప్రొపిలీన్ బైండరే పనికొస్తుందా? రెండూ చేసినవాళ్లు చెప్పండి.

అనంత_ఫర్నేస్: బైండర్ సంగతి తరువాత, ముందు మీ ఫర్నేస్ ఏమిటో చెప్పండి. స్టీలులో కార్బన్ మిగిలితే హైడ్రోజన్‌తో వదిలించవచ్చు. టైటానియం ఆ హైడ్రోజన్‌నే పీల్చుకుని పెళుసెక్కుతుంది. ఆక్సిజన్ అయితే లోపలికి వెళ్లిందంటే ఇక రాదు. ఇలా మోల్డింగ్ చేసిన ఈ మిశ్రమపు శస్త్రచికిత్స ఇంప్లాంట్లకు ఉన్న ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2885 ప్రకారం ఆక్సిజన్ 0.20 శాతం దాటకూడదు. కొన్న పొడిలోనే 0.12 ఉంటే, మీ చేతిలో మిగిలేది ఎంతో చూసుకోండి.

కడప_పాలిమర్: పనికొస్తుందండీ. ఎక్కువ పాలు పారాఫిన్ మైనం, పాలీఎథిలీన్ లేదా ఈవీఏ అనే మెత్తని ప్లాస్టిక్, కాస్త స్టియరిక్ ఆమ్లం. ఘనపరిమాణంలో పొడి 65 శాతం దరిదాపుల్లో. మైనాన్ని 50 డిగ్రీల హెప్టేన్‌లో (పెట్రోలు లాంటి ద్రావకం) కరిగించి తీసేస్తే ముక్క నిండా సన్నని దారులు పడతాయి. మిగిలిన పాలిమర్ ఆ దారుల వెంట, ఆర్గాన్ ప్రవాహంలో 500 డిగ్రీలలోపే బయటపడాలి. ఒక ముక్క విరిచి చూడండి: నడుమ ముదురు మచ్చ కనిపిస్తే మైనం ఇంకా లోపల ఉన్నట్టే.

కర్నూలు_మోల్డర్: మే నెలలో మా షెడ్డులో హెప్టేన్ అంటే నిప్పుతో చెలగాటమే. నీళ్లతో తీసేది లేదా?

కడప_పాలిమర్: పీఈజీ (పాలీఎథిలీన్ గ్లైకాల్), పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) జోడీ ఉంది. పీఈజీ నీళ్లలో కరుగుతుంది, పీఎంఎంఏ వేడికి మోనోమర్‌గా, అంటే తాను తయారైన చిన్న అణువులుగా, విడిపోయి మసి దాదాపు మిగల్చదు. నెమ్మది మాత్రం తప్పదు. పైగా పీఈజీ తేమ లాగుతుంది, ఫీడ్‌స్టాక్ (పొడి, బైండర్ కలిపిన ముద్ద) మూత తీసి ఉంచకూడదు.

అనంత_ఫర్నేస్: ఆ పనికి బోరు నీళ్లు పోయకండి! మన దగ్గర కెటిల్ అడుగున పేరుకునే తెల్ల పొర చూశారు కదా, ఆ లవణాలే ముక్కలోనూ దిగుతాయి. లవణాలు తీసేసిన డీమినరలైజ్డ్ నీరే వాడాలి.

కర్నూలు_మోల్డర్: పాలీఎసిటాల్ అనే ప్లాస్టిక్ బైండర్ రకం?

అనంత_ఫర్నేస్: ఆకారం చక్కగా నిలుస్తుంది. కానీ 110–120 డిగ్రీల దగ్గర నైట్రిక్ ఆమ్లపు ఆవిరి కావాలి, ఆ పొగను కాల్చే ఏర్పాటూ కావాలి. చిన్న షెడ్డుకు తలకు మించిన పని. ఇంతకీ ఫర్నేస్ సంగతి చెప్పలేదు మీరు.

కర్నూలు_మోల్డర్: వాక్యూమ్‌దే. గ్రాఫైట్ హీటర్లు, అల్యూమినా పలకలు.

అనంత_ఫర్నేస్: అదే అనుకున్నాను. గ్రాఫైట్ నుంచి కార్బన్ వస్తుంది, అల్యూమినా టైటానియంతో చర్య జరుపుతుంది. మాలిబ్డినం హీటర్లున్న ఫర్నేస్ అద్దెకు వెతకండి, పలకలకు యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) పూత వేయించండి. ఆ తరువాత బైండర్ ఏది ఎంచుకున్నా పేచీ లేదు. భాగం మందం ఎంత?

కర్నూలు_మోల్డర్: ఎక్కువ ఉన్నచోట 4 మిల్లీమీటర్లు.

కడప_పాలిమర్: అంత పలచనైతే నీళ్లు లోపలిదాకా వెళ్తాయి, నీళ్ల రకమే మొదలుపెట్టండి.