సమ్మర్ రీసెర్చ్ సీటు మార్కులకా, వర్గానికా?

బాల్టిమోర్ నాన్న: మా అమ్మాయి బయాలజీ రెండో ఏడు, జీపీఏ నాలుగుకి 3.97. సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రామ్‌కి అప్లై చేస్తే రాలేదు. అదే క్లాసులో 3.4 ఉన్న నల్లజాతి అమ్మాయికి వచ్చింది. తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల పేరుతో పెట్టే ఈ ప్రోగ్రామ్‌లకు పిల్లల కష్టంతో పనిలేదా?

ల్యాబ్ లక్ష్మి: అన్నా, మీ ఊరి పక్కనే యూఎంబీసీ అనే యూనివర్సిటీ ఉంది. 1988లో అక్కడి అధికారి ఫ్రీమన్ హ్రబౌస్కీ, దాతలైన మేయర్‌హాఫ్ దంపతులు కలిసి మేయర్‌హాఫ్ స్కాలర్స్ ప్రోగ్రామ్ పెట్టారు. మొదటి బ్యాచ్ 19 మంది నల్లజాతి అబ్బాయిలు. వాళ్ళేమీ మొద్దులు కారు. అలాంటి పిల్లలే మంచి మార్కులతో చేరి కూడా మొదటి కెమిస్ట్రీ కోర్సుకే సైన్సు వదిలేస్తుంటే ఆపడానికి పెట్టింది అది. క్లాసులు మొదలవ్వకముందే సమ్మర్ బ్రిడ్జ్ అనే శిక్షణ, తర్వాత కలిసి చదవడం, ల్యాబ్ పని. కోవిడ్ వ్యాక్సిన్ మీద పనిచేసిన కిజ్మీకియా కార్బెట్ అక్కడ చదివినావిడే. 1996 నుంచి అన్ని జాతుల పిల్లలనూ తీసుకుంటున్నారు.

బాల్టిమోర్ నాన్న: చరిత్ర అడగలేదమ్మా. 3.97కి రానిది 3.4కి ఎలా వచ్చింది?

ఓరుగల్లు శ్రీను: రిజర్వేషన్ గొడవ అమెరికాలో కూడానా!

ల్యాబ్ లక్ష్మి: నిరుడు మా ల్యాబ్‌కి ఒక కుర్రాడు వచ్చాడు. రాత్రిళ్ళు గోదాములో పని, పొద్దున క్లాసు. జీపీఏ అంతంతమాత్రం. మొదట్లో ద్రవం కొలిచి తీసే పిపెట్‌ని మొదటి స్టాప్ దగ్గర ఆపకుండా రెండో స్టాప్ దాకా నొక్కి లాగేవాడు, ప్రతిసారీ ఎక్కువ వచ్చేది. అంతకుముందు చూపించినవాళ్ళు లేరు మరి. ఆగస్టుకల్లా పరీక్షకు వాడే జెల్ తనే పోసుకుని, దాంట్లో రావలసిన గీత (బ్యాండ్) రాకపోతే ఎక్కడ తప్పిందో తనే వెతికేవాడు. స్టైపెండ్ లేకపోతే ఆ గోదాము వదిలి వచ్చేవాడే కాదు.

సియాటిల్ సుధ: ఒక్క ప్రశ్న. అది ఆర్‌ఈయూ, అంటే డిగ్రీ పిల్లలకు ప్రభుత్వ డబ్బుతో రీసెర్చ్ చేయించే ప్రోగ్రామా? పాప ఏ వీసా మీద ఉంది?

బాల్టిమోర్ నాన్న: ఆర్‌ఈయూనే. వీసా సంగతి ఇక్కడెందుకు?

సియాటిల్ సుధ: ఆ డబ్బు అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ది. సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే ఇస్తారు. పిల్లలను పీహెచ్‌డీకి సిద్ధం చేసే మెక్‌నేర్ ప్రోగ్రామ్ కూడా అంతే. గ్రీన్ కార్డు ఉండి, ఇల్లు పేదదై, తల్లిదండ్రులకు డిగ్రీ లేకపోతే మెక్‌నేర్‌కి మన పిల్లలైనా అర్హులే, జాతి అడ్డం రాదు.

బాల్టిమోర్ నాన్న: హెచ్4, నా వర్క్ వీసా మీద ఆధారపడ్డ వీసా. చాలా? ఏళ్ళ తరబడి ట్యాక్సులు కడుతున్నా, గ్రీన్ కార్డు క్యూ కదలదు. ఇక్కడే నర్సరీ నుంచి చదివిన పిల్ల, 21 నిండితే హెచ్4 కూడా పోతుంది. మా పిల్లల కోసం ఎవరు ఏ ప్రోగ్రామ్ పెట్టారు?

ల్యాబ్ లక్ష్మి: ఆ కోపంలో న్యాయం ఉంది. మరి ఆ 3.4 అమ్మాయిని ఎందుకు లాగారు? తను అప్లై చేయకపోయినా ఆ సీటు మీ పాపకు రాదు.

బాల్టిమోర్ నాన్న: రూల్ సంగతి వేరు. కష్టపడి చదివినవాళ్ళకే ముందు ల్యాబ్ దక్కాలి. ఈ మాట మీద నేను మారను.

ల్యాబ్ లక్ష్మి: నేనూ మారను. సమ్మర్ సీటు పని నేర్పడానికి, మార్కులకు ప్రైజుగా ఇవ్వడానికి కాదు. ఇంట్లో దారి చూపేవాళ్ళున్న పిల్లలనే ఏరుకుంటే మిగతావాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారు?

సియాటిల్ సుధ: అన్నా, హెచ్4 మీద జీతం తీసుకోకూడదు గానీ, కోర్సు క్రెడిట్ కింద రీసెర్చ్ చేయొచ్చు. పాపతో ప్రొఫెసర్లకు ఇప్పుడే మెయిల్ పెట్టించండి.

బాల్టిమోర్ నాన్న: పెట్టిస్తాను. కానీ చూడండి, ఆ క్రెడిట్లకు మళ్ళీ ఫీజు మేమే కట్టాలి.