విపత్తు వేళ పంచాయతీ పెట్టే ఖర్చుకు, దాని అధికారానికి ఆధారం ఏమిటి?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జాతీయ ప్రాధికార సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షత వహిస్తారని, జిల్లాలో కలెక్టరుతోపాటు జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులుగా ఉంటారని చదివాను. ఇంతవరకు స్పష్టంగానే ఉంది. నా సందేహమంతా కలెక్టరు కార్యాలయానికి దిగువన ఏం జరగాలన్నదే.

జిల్లా ప్రణాళికను స్థానిక సంస్థలను సంప్రదించి తయారుచేయాలని 31వ సెక్షన్ అంటుంది. ఆ సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించాలని, సామగ్రిని ఎప్పుడంటే అప్పుడు వాడుకునేలా ఉంచాలని 41వ సెక్షన్ చెబుతుంది. బాధ్యత రాశారు సరే, డబ్బు సంగతి? తుపాను తీరం దాటబోయే రాత్రి, లోతట్టు కాలనీవాసులను పునరావాస కేంద్రానికి తరలించమని తహసీల్దారు ఫోనులో చెబితే, బడి తాళాలు తీయించి, జనరేటరుకు డీజిలు పోయించి, బియ్యం, పాలు అప్పు మీద తెప్పించిన పంచాయతీ కార్యదర్శి ఆ ఖర్చును ఏ పద్దు కింద చూపాలి? రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం వాటా సాధారణ రాష్ట్రాలకు 75 శాతం, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90 శాతం. అందులోంచి పంచాయతీకి నేరుగా ముందస్తు మొత్తం ఇచ్చే వీలుందా, లేక బిల్లులు మండలం ద్వారానే వెళ్లాలా?

మరొకటి: ఇల్లు వదలి రానని ఎవరైనా మొండికేస్తే, వారిని బలవంతంగా తరలించే అధికారం సర్పంచికి, కార్యదర్శికి ఉందా, లేక కలెక్టరు లిఖితపూర్వక ఆదేశం తప్పనిసరా?

రెవెన్యూ లేదా పంచాయతీరాజ్ శాఖలో పనిచేసిన అనుభవం ఉన్నవారు వివరించగలరు. సంబంధిత ప్రభుత్వ ఉత్తర్వు సంఖ్య కూడా తెలిపితే మరీ ఉపయోగం.