ధర్నా చౌక్ మీద పరిశోధన, ఒక బహిరంగ చర్చ: నిధులు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం ఇందిరా పార్కు ధర్నా చౌక్. 2017లో అక్కడ ధర్నాలు ఆపేశారు, 2018లో హైకోర్టు మళ్ళీ అనుమతించింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19(1)(బి)లో ఇచ్చింది కదా, మరి నాలుగు గంటలు టెంటు వేసుకోవడానికి పోలీసు అనుమతి కోసం ఎందుకంత తిరగాలి? అక్కడ కూర్చున్న అంగన్‌వాడీ, ఆశా వర్కర్లను కలిసి మాటలు రికార్డు చేస్తున్నాను. ఫెలోషిప్ డబ్బులు గది అద్దెకే సరిపోతున్నాయి.

ఒకరోజు బహిరంగ చర్చ కూడా పెట్టాలని ఉంది. ప్రొఫెసర్లే కాదు, ఆ వర్కర్లు కూడా వేదిక మీద మాట్లాడాలి. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే, టైటిల్‌లో ‘హక్కులు’ అనే మాట తీసేస్తే నిధులు చూద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్ళు జీవితమంతా పౌరహక్కుల కోసం నిలబడిన ఊరు ఇది.

ఉస్మానియాలో ఉన్న ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం నుంచి సెమినార్‌కు సాయం తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? డిపార్ట్‌మెంట్ సంతకం లేకుండా స్కాలర్ దరఖాస్తు చేయవచ్చా? వర్కర్లకు ఒకరోజు కూలి పోతుంది, ఆ ఖర్చును బడ్జెట్‌లో ఏ పద్దు కింద చూపించాలి? క్యాంపస్‌లో కుదరకపోతే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో చిన్న హాలు అద్దె ఇప్పుడెంత ఉంటుంది? టైటిల్ మార్చకుండా నిధులు సాధించినవాళ్ళుంటే ఎలా రాశారో దయచేసి చెప్పండి.