‘నుండు’నా, ‘డిందు’నా? స్విచ్ తుడుస్తుంటే పట్టుకున్న పాదం

కన్సోలు తీగ: ల్యాబులో కంప్యూటర్లను ఒక నెట్‌వర్కుగా కలిపే పాత సిస్కో క్యాటలిస్ట్ 2960 స్విచ్‌ను పిల్లల చేతికి ఇచ్చే ముందు శుభ్రం చేస్తున్నాను. అమరికలు చెరిపే ‘రైట్ ఎరేజ్’ ఆదేశం కొట్టి, రీలోడ్ ఇచ్చి, అది మళ్ళీ లేచేదాకా ఊరికే కూర్చుంటే గజేంద్రమోక్షం పోతన నోట్లో ఆడాడు: ‘ఎవ్వనియందు నుండు బరమేశ్వరు డెవ్వడు’. ఎక్కడో పంటికింద రాయి. అక్కడ ‘నుండు’ కాదు కదా? పనిలో పని, ఫ్యాక్టరీ రీసెట్‌కు సూచనల కాగితంలో ‘యథాస్థితికి తెచ్చుట’ అని రాశాను. నిలుస్తుందా?

ఉత్పలమాల: ‘డిందు’. ఉండడం పై పాదంలోనే అయిపోయింది, ‘లోపల నుండు లీనమై’ అని. మళ్ళీ ఉండమంటారా?

గురులఘువు: పాఠం మీరన్నదే. కానీ గణాలు మీకు సాక్ష్యం చెప్పవు. ‘యందునుం’ అయినా ‘యందుడిం’ అయినా రగణమే (గురువు, లఘువు, గురువు). ‘బరమేశ్వరు’లోని బకారాన్నీ పిలవకండి, ‘ఉండున్’ కూడా ద్రుతాంతమే, దాని చివరి నకారమూ తరువాతి పకారాన్ని బకారం చేస్తుంది.

ఉత్పలమాల: నేను పిలిచింది అర్థాన్ని. డిందు అంటే నశించు.

దొండాకు: నశించు కాదండీ, అణగు. రెండూ ఒకటి కావు. పలకకు బొగ్గూ దొండాకూ రుద్ది నల్లగా చేసినా, ఏటవాలుగా పట్టి చూస్తే నిన్నటి ‘అ ఆ’ల గీతలు కనబడేవి. అది డిందడం.

కన్సోలు తీగ: మీ పలక సంగతి నాకు ఇప్పుడే ఎదురైంది! స్విచ్ లేచాక చూస్తే పేరు పోయింది, పాస్‌వర్డులు పోయాయి, పాత వీల్యాన్‌లు (స్విచ్‌లో విడదీసిన ఉప నెట్‌వర్కులు) 10, 20 మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అవి ఫ్లాష్‌లో వేరే ఫైలులో ఉంటాయి. దాన్ని విడిగా చెరిపి మళ్ళీ రీలోడ్ ఇవ్వాలని నేనే మరిచిపోయాను.

దొండాకు: చూశారా! డిందింది, నశించలేదు.

గురులఘువు: తొందరపడకండి. ‘ణశ అదర్శనే’ అని ధాతుపాఠం, అంటే సంస్కృత క్రియామూలాల పట్టిక. నశించడమంటేనే కనబడకపోవడం. ఉత్పలమాల గారూ గెలిచారు, మీరూ గెలిచారు.

ఉత్పలమాల: నన్ను గెలిపించే పని మీకెందుకు? పోతన చెబుతున్నది లయ. కార్యం తిరిగి కారణంలో కలవడం. వెంటనే ‘మూలకారణంబెవ్వడు’ అన్నాడు కదా. ఇంకే క్రియ వేసినా ఆ దిగుడు రాదు. ‘డిందు’ అంటుంటేనే గొంతు కిందికి జారుతుంది. ఏనుగు మడుగులో కూరుకుపోతూ అనే మాట అది.

కన్సోలు తీగ: అదే పద్యంలోని ‘అనాదిమధ్యలయుడు’, మొదలూ నడుమా తుదీ లేనివాడు, కూడా మా దగ్గర ఉన్నాడు. ఒకటో నంబరు వీల్యాన్. ఎన్నిసార్లు తుడిచినా చెరగడు. 1002 నుంచి 1005 దాకా ఆయన పరివారం.

గురులఘువు: ఆదిలేనివాడు కాడు, కర్మాగారంలో పుట్టినవాడే. విశేషణం చెల్లదు.

అచ్చతెలుగు: అసలు ప్రశ్న గాలికి పోయింది. ‘యథాస్థితి’ బొత్తిగా తప్పు. కోర్టు యథాస్థితి అంటే ఉన్నదాన్ని కదిలించవద్దని. మీరు చేస్తున్నది ఉన్నదంతా ఊడ్చేయడం. ‘పుట్టురూపు’ అనండి.

కన్సోలు తీగ: ‘పూర్వస్థితి’?

అచ్చతెలుగు: నిన్న దాచుకున్న బ్యాకప్‌ను తిరిగి ఎక్కించినా అది పూర్వస్థితే. ఏ పూర్వం?

గురులఘువు: ‘ప్రకృతి’ ఉండగా కొత్త మాట ఎందుకు? మనం చేసిన మార్పులన్నీ వికృతులు.

దొండాకు: ‘స్విచ్‌ను ప్రకృతికి తెచ్చుట’ అని చదివితే పిల్లలు దాన్ని తోటలో పెడతారు.

ఉత్పలమాల: ‘డిందించుట’ అనవచ్చు కదా.

అచ్చతెలుగు: ఆ ప్రేరణార్థకం ఎవరు వాడారో ఒక్క ప్రయోగం చూపండి.

కన్సోలు తీగ: అయ్యా, కాగితం రేపు ఉదయం ముద్రకు వెళ్ళాలి. మోడ్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకొనే పద్ధతి కూడా అందులో ఉంది. దానికైనా ఏదో ఒక శీర్షిక కావాలి.

గురులఘువు: శీర్షిక తరువాత చూద్దాం. మీ మొదటి సందేశంలో ‘బరమేశ్వరుఁడు’కు అరసున్న లేదు.