అరిసెలు పక్కింటికి పంపాలా, మానేయాలా?

కౌశిక గట్టు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. కుడిపక్క ఇంటివాళ్లు విశ్వాసులు, ఎదురుగా సాయిబుగారి ఇల్లు. క్రిస్మస్‌కి పక్కింటి అక్క స్టీలు డబ్బా నిండా కేకు, గులాబీ పువ్వులు పంపింది. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, సంక్రాంతికి అరిసెలు పెట్టి ఇద్దామంటే మా అత్తయ్యగారు "వాళ్లు ప్రసాదం ముట్టరు, పంపి మాట పడటం దేనికి" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయను?

లేసు దారం:
మేమూ క్రైస్తవులమేనండి, నరసాపురం వైపు. పట్టింపు అరిసెతో కాదు, దేవుడికి పెట్టినదానితో. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో ఉన్నది ఈ గొడవే, దాన్ని అందరూ ఒకేలా తీసుకోరు, మా ఇంట్లోనే నాన్న తింటారు, అమ్మ ముట్టదు. మా ఎదురింటి పిన్నిగారు దేవుడి వాయి పక్కన పెట్టేసి, తర్వాతి వాయి చెక్కల మధ్య నొక్కి, ఆరాక మా డబ్బాలో వేస్తారు. గుమ్మంలోనే "పెట్టింది కాదమ్మా" అంటారు. అమ్మ అక్కడే ఒకటి తుంచుకుంటుంది.

సేమ్యా గిన్నె:
సాయిబుగారింటికీ పంపండి. ఒక్కటి మాత్రం, మీ పండగ రంజాన్ నెలలో పడితే పగలు తినకపోయినా ఏమీ అనుకోకండి. 2024లో ఉగాది ఏప్రిల్ 9, మా రంజాన్ 11. పచ్చడి పొద్దున్నే తెచ్చారు, మేం రోజాలో ఉన్నాం, ఇఫ్తార్ దాకా మూతపెట్టి ఉంచాం. మాంసం తినని ఇళ్లకి మేం బక్రీద్‌కి ఏమీ పంపం, రంజాన్‌కి సేమ్యా పాయసం పంపుతాం, అదీ పాల గిన్నెలోనే వండి.

ప్రభ మోసినోడు:
డబ్బాలతో చిక్కేం లేదు, చిక్కంతా చందాలతో. మా వీధిలో చవితికి వేరే మతం వాళ్ల గుమ్మం ముందు కూడా రసీదు పుస్తకం పట్టుకుని పది మంది నిలబడతారు, ఇవ్వకపోతే ఏడాదంతా సూటిపోటి మాటలు. రాత్రి 10 దాటితే మైకు కట్టేయాలని రూలుంది, ఎవరు వింటారు? కనుమనాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి 11 ప్రభలు, అంటే వెదురుతో కట్టి దేవుణ్ణి పెట్టి మోసేవి, వస్తాయి, చేలకు అడ్డం పడి మోసుకొస్తాం, పచ్చని వరి తొక్కేస్తున్నా రైతు కిక్కురుమనడు. అది ఇష్టంతో ఇచ్చింది. బెదిరించి వసూలు చేసిన వెయ్యి రూపాయలూ అదీ ఒకటేనా?

కౌశిక గట్టు:
అందరికీ థాంక్సండి. వేరే వాయి తీసి పంపాను. అక్క మూత తీసి చూసి "నువ్వులవి లేవా?" అంది. రేపు మళ్లీ పాకం పట్టాలి. డబ్బా మాత్రం వాళ్లింట్లోనే ఉండిపోయింది.