రోజూ నడిపే బండికి తేలిక ఫ్లైవీల్: అల్యూమినియమా, స్టీలా, అసలు వద్దా?

టవర్‌క్లాక్_అనంత
అన్నలూ, నాది పాత స్విఫ్ట్, 1.2 కె సిరీస్ పెట్రోల్, మాన్యువల్. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) అయిపోయినాయి. క్లచ్ జారుతోంది, ఎలాగూ గేర్‌బాక్సు దించాల్సిందే. ఆ పనిలోనే ఫ్లైవీల్ (ఇంజను క్రాంక్ చివర తిరిగే బరువైన చక్రం, క్లచ్ ప్లేటు ఆనేది దీని మీదే) కూడా మార్చాలని ఉంది. రోజూ ఊర్లో ఆఫీసుకు తిరుగుతా, అప్పుడప్పుడు 44 హైవేలో బెంగళూరు, ఎప్పుడైనా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. ఒకరు అల్యూమినియం అంటారు, ఒకరు క్రోమోలీ స్టీల్ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి స్టీలు) అంటారు. మా లేత్ షాపాయన కంపెనీదాన్నే తరిగి తేలిక చేసిస్తానంటాడు. ఏది మేలు?

హైవే44_రేసు
అల్యూమినియమే బ్రో, ఆలోచించొద్దు. కాలు ఆనిస్తే చాలు, ఆర్‌పీఎం ముల్లు ఎగురుతుంది. గేరు దించేటప్పుడు ఒక్క బ్లిప్‌తో (యాక్సిలరేటర్ ఒకసారి తట్టి వదలడం) సరిపోతుంది. బండి పవర్ పెరిగినట్టే ఉంటుంది.

కడప_ఘాట్
పెరిగినట్టు ఉంటుంది గానీ పెరగదు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద నిలకడగా కొలిస్తే ఒక్క హార్స్‌పవర్ కూడా ఎక్కువ రాదు. ఇంజను తన బరువును తాను తిప్పుకోడానికి తినేసే శక్తి తగ్గుతుంది, అంతే. ఆ లాభం గేరు నిష్పత్తిని దానితోనే హెచ్చిస్తే వచ్చే అంకెను (వర్గాన్ని) బట్టి ఉంటుంది కాబట్టి అన్ని గేర్లలో ఒకేలా రాదు.

లెక్క వేసి చూడు తమ్ముడూ. మధ్య నుంచి 11 సెంటీమీటర్ల దూరంలో 3 కిలోలు తగ్గించావనుకో. టైరు వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు, ఫైనల్ డ్రైవ్‌తో కలిపి మొదటి గేరు నిష్పత్తి 14 అనుకుందాం. మొదటి గేరులో బండి నుంచి సుమారు 85 కిలోల మనిషి దిగిపోయినంత ఫలితం. ఐదో గేరులో, మొత్తం నిష్పత్తి 3.1 దగ్గర, 4 కిలోలు. గుత్తి దాటినాక ఐదో గేరులో లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు నీకు కలిసొచ్చేది ఆ 4 కిలోలే. అందుకే డబ్బాపై ఎన్ని కిలోలు తక్కువని రాశారో కాదు, ఆ బరువు ఎక్కడి నుంచి తీశారో చూడు. అంచు దగ్గర తీసిన కిలో, సగం దూరంలో తీసిన 4 కిలోలతో సమానం.

ఇక ఎవరూ చెప్పని సంగతి వేడి. క్లచ్ పుట్టించే వేడిని మింగేది ఫ్లైవీలే. గువ్వలచెరువు ఘాటు ఎక్కు, ముందు గ్రానైటు లారీ పాకుతుంటుంది, వంపు దగ్గర ఆగుతుంది, నువ్వు హాఫ్ క్లచ్‌లో ఎత్తాలి. మే నెల మధ్యాహ్నం. తేలిక ఫ్లైవీల్‌తో బండి ఆగిపోకుండా లేవాలంటే ఆర్‌పీఎం ఎక్కువ పెట్టాలి, అంటే ఇంకా వేడి. పైగా దాన్ని దాచుకునే లోహం తక్కువ. అలా వాడిన ఫ్లైవీల్ ఒకటి విప్పినప్పుడు చూశా: ఫేసు మీద నీలం మచ్చలు, మచ్చల చుట్టూ వెంట్రుక మందాన పగుళ్లు. క్లచ్ వదిలేటప్పుడు బండంతా వణికేది అందుకే.

హైవే44_రేసు
అల్యూమినియం వేడిని స్టీలు కంటే తొందరగా లాగేస్తుంది కదా అన్నా? కిలోకు దాచుకునేది కూడా ఎక్కువే.

కడప_ఘాట్
నిజమే. కానీ క్లచ్ ప్లేటు రాసుకునేది అల్యూమినియం మీద కాదు, దాని మీద బిగించిన పల్చటి స్టీలు రింగు మీద. హాఫ్ క్లచ్‌లో ముందు కాలేది ఆ రింగు, వంకరపోయేదీ అదే. ట్రాక్‌లో ఒకసారి లేచి పోతావు కాబట్టి ఇబ్బంది లేదు. మీ అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో అలా కుదరదు. స్టీలు తీసుకో, అది కూడా మరీ తేలికది వద్దు. కంపెనీదాని బరువులో పావు వంతు తగ్గితే చాలు. అంతకు మించితే ఏసీ ఆన్ చేసినప్పుడల్లా ఐడ్లింగ్ పడిపోతుంది.

బురుజు_గ్యారేజ్
కర్నూలు నుంచి. ముప్పావు వంతు బళ్లకు కంపెనీ ఫ్లైవీలే మంచిదని నా మాట, అది పక్కన పెట్టు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా: లేత్ మీద తరిగించొద్దు. కంపెనీది పోత ఇనుమైతే అది నొక్కుడుకు తట్టుకుంటుంది, లాగుడుకు కాదు. తిరిగే వేగం రెట్టింపైతే చీల్చే బలం నాలుగింతలు. 6500 ఆర్‌పీఎంలో అది పగిలితే ముక్కలు బెల్ హౌసింగ్‌ను (క్లచ్ చుట్టూ ఉండే గుల్లను) చీల్చుకుని వస్తాయి. కొనేదాని మీద ఎస్‌ఎఫ్‌ఐ 1.1 గుర్తు ఉందేమో చూసుకో, అది వేగంగా తిరిగినా పగలవని పరీక్షించి తేల్చిన ఫ్లైవీళ్లకు ఇచ్చే గుర్తు.

డీజిల్ బళ్లకు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు ముక్కలు, మధ్యలో స్ప్రింగులు) ఉంటే ఆ జోలికే పోవద్దు. లోపలి స్ప్రింగులు తీసేస్తే న్యూట్రల్‌లో గేర్‌బాక్సు గలగలమంటుంది. 2024 స్విఫ్ట్ వాళ్లూ ఇది చదివి ఎగబడొద్దు, దానిది మూడు సిలిండర్లు, వణుకును ఆపేది ఆ బరువే.

టవర్‌క్లాక్_అనంత
లేత్ మాట మానేశా. క్రోమోలీ స్టీల్, పావు వంతు తక్కువది వెతుకుతా. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

బురుజు_గ్యారేజ్
పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రింగ్ గేర్ (ఫ్లైవీల్ అంచు చుట్టూ స్టార్టర్ తిప్పే పళ్ల చక్రం) పళ్లు లెక్కపెట్టు, తేడా ఉంటే స్టార్టర్ పళ్లు అరిగిపోతాయి. బ్యాలెన్సింగ్ ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపట్టేది) బిగించి చేయించు. బోల్టులు కొత్తవి వెయ్యి, టార్క్ రెంచ్‌తోనే బిగించమను. రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా ఇప్పుడే మార్చెయ్, లేదంటే వాటి కోసం మళ్లీ గేర్‌బాక్సు దించాలి.