గుద్దిన కారు స్టీరింగ్‌కు వెల్డింగ్ పెట్టించొచ్చా?

హన్మకొండ టీచర్:

బండి పని తెలిసినవాళ్లు ఒకసారి చదివి చెప్పండి. నాది 2014 మోడల్ చిన్న కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎయిర్‌బ్యాగ్ లేదు. దసరా వెళ్లాక ఓ రాత్రి పరకాల నుంచి వస్తుంటే, పత్తి వేసుకున్న ట్రాక్టర్ ట్రాలీ ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. దగ్గరికి వచ్చాకే కనబడింది. బ్రేకు తొక్కాను గానీ గుద్దేశాను. బెల్టు పెట్టుకోలేదు, ఆ తప్పు నాదే. ఛాతీ వెళ్లి స్టీరింగ్‌కు కొట్టుకుంది. చర్మం మీద రింగు అచ్చు పడ్డట్టు నల్లగా కమిలింది, పది రోజులు దగ్గితే నొప్పి. అంతే. ఒక్క ఎముక కూడా విరగలేదు.

షెడ్డుకు చేర్చాక చూస్తే స్టీరింగ్ డ్యాష్‌బోర్డు వైపు రెండు వేళ్ల మందం జరిగి ఉంది. పట్టుకుంటే లొడలొడ ఆడుతోంది. "రాడ్డు జారింది సార్. కొత్తదంటే మొత్తం సెట్టే ఎయ్యాలె, పాతిక వేలు దాటుతది. ఎనకకు గుంజి వెల్డింగ్ పెడితే మునుపటి కన్నా గట్టిగైతది" అన్నాడు షెడ్డతను. నాకున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే. పదిహేను వందలతో పని అయిపోయింది, బతికిపోయాననుకున్నాను.

పోయిన వారం ఏసీ పని కోసం ఇంకోచోట స్టీరింగ్ కింద కవర్ విప్పారు. టార్చి నేనే పట్టుకున్నాను. ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి దూరే చోట చుట్టూ నాలుగు వెల్డింగ్ గడ్డలు. పైన బ్రాకెట్ బోల్టుల దగ్గర ఉండాల్సిన చిన్న అల్యూమినియం ముక్కలు తీసేసి, పెద్ద వాషర్లు వేసి బిగించేశారు. ఆ మెకానిక్ కుర్రాడు వేలు పెట్టి చూపించి, "ఇది జారాల్సిన జాగ సార్, మూసేసిన్రు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను కాపాడింది ఆ రెండు వేళ్ల జారుడే. దాన్నే డబ్బులిచ్చి మూయించుకున్నాను. నా వాదన ఒకటే: ఈ పని ఏ షెడ్డులోనూ చేయకూడదు. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

ఆటోనగర్ అన్న:

సార్, నేను వరంగల్ ఆటోనగర్‌ల ఇరవై రెండేండ్ల సంది ఇదే పని చేస్తున్న. మీరు జెప్పిన వెల్డింగ్ నేనూ పెట్టిన, దాచుడెందుకు. లక్షన్నర బండికి పాతిక వేల రాడ్డు ఎయ్యమంటే ఎవలు ఏస్తరు? ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే రైతు, ట్యాక్సీ నడుపుకునే పిలగాడు, వాళ్ల బండి వారం ఆగితే ఇల్లు గడువది. లొడలొడలాడే స్టీరింగ్‌తోటి పంపియ్యాల్నా మరి? వెల్డింగ్ పెట్టినంక ఒక్కటి కూడా ఊడి రాలే. అంబాసిడర్లు, పాత జీపులు నిండు రాడ్డు తోటే తిరిగినయి. గట్టిగున్నది మంచిదే గని చెడ్డదెట్లయితది?

రిటైర్డ్ లెక్చరర్ (మెకానికల్):

ఆటోనగర్ తమ్ముడు నిజం దాచకుండా చెప్పినందుకు ముందు దండం. కానీ "గట్టిగా ఉన్నది మంచిదే" అన్న మాట దగ్గరే నేను ఒప్పుకోను. నలభై ఏళ్ల పాటు పిల్లలకు పాఠం చెప్పింది ఈ విషయమే.

పాత బండ్లలో స్టీరింగ్ గేర్ బాక్సు బంపర్‌కు దగ్గరగా ఉండేది. అక్కడి నుంచి ఒకటే నిండు రాడ్డు తిన్నగా డ్రైవర్ గుండెకు గురిపెట్టి ఉండేది. ముందు దెబ్బ తగిలితే గేర్ బాక్సు వెనక్కి వచ్చేది, దాంతో పాటు రాడ్డూ వచ్చేది. బల్లెం అన్నమాట. మనిషేమో అదే వేగంతో ముందుకు పోతుంటాడు. రెండూ మధ్యలో కలుస్తాయి.

దీనికి మొదట చక్రం వైపు నుంచే మందు వెతికారు. 1956లో ఫోర్డ్ కంపెనీ మధ్య బొడ్డు లోతుగా, అంచు ముందుకు ఉండే స్టీరింగ్ పెట్టింది. ఛాతీ బొడ్డుకు తగలకముందే అంచు వంగి కొంత దెబ్బ తీసుకుంటుందని. అది సరిపోలేదు. బెంజ్ కంపెనీలో బేలా బారెన్యీ అనే ఇంజనీరు భద్రమైన స్టీరింగ్ కాలమ్‌కు, అంటే మీరంతా రాడ్డు అంటున్నదానికే, 1963లో పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1967 మోడళ్లకు దెబ్బకు నలిగే కాలమ్ వేసింది. మొదటివాటిలో జల్లెడలాంటి ఇనప గొట్టం ఉండేది, నలుగుతూ పొట్టిదయ్యేది. తర్వాత గొట్టంలో గొట్టం పెట్టి, మధ్యలో ఉక్కు గుండ్లు బిగుతుగా ఇరికించారు. ఆ గుండ్లు లోహాన్ని గీరుకుంటూ పోతుంటే దెబ్బలోని బలమంతా ఆ గీతల్లో ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట అవ్వాల్సిందే. ఇనుములో కాకపోతే పక్కటెముకల్లో అవుతుంది.

1968 జనవరి 1 నుంచి అమెరికా దీన్ని రెండు నిబంధనలుగా రాసుకుంది. మొదటిది: 48 కిలోమీటర్ల వేగంతో బండిని గోడకు గుద్దిస్తే స్టీరింగ్ డ్రైవర్ వైపు 127 మిల్లీమీటర్లకు మించి రాకూడదు. రెండోది: మనిషి మొండెం ఆకారంలో దిమ్మె చేసి 24 కిలోమీటర్ల వేగంతో స్టీరింగ్ మీదికి వదిలితే, దాని ఛాతీ మీద పడే బలం 11,120 న్యూటన్లు దాటకూడదు. దాదాపు పదకొండున్నర క్వింటాళ్ల బరువు మోపినంత. అదే ఎక్కువ. వెల్డింగ్ పెట్టిన కాలమ్‌కు ఆ హద్దే లేదు.

టీచర్ గారు చెప్పిన అల్యూమినియం ముక్కలున్నాయే, అవి నాజూకుగా ఉండటం లోపం కాదు. మామూలుగా స్టీరింగ్ కదలకుండా పట్టుకుంటాయి, ఛాతీ బలంగా తాకగానే బ్రాకెట్‌ను వదిలేస్తాయి. అవి వదిలేస్తేనే కాలమ్ లోపలికి జారుతుంది. వాటి చోట వాషర్ వేయడమంటే ఫ్యూజు చోట మేకు పెట్టడమే.

ములుగు రోడ్ అక్క:

ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఈ రాడ్డు గొడవ ఉండదు కదా సార్? 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిందేగా. నాదీ ఉన్నదే. కానీ నేను ఐదడుగులకు తక్కువ, స్టీరింగ్‌కు అతుక్కున్నట్టే కూర్చుంటాను. అది పేలితే నా గతేంటని భయం. ఇంకోటి, మేడారం నుంచి తెచ్చిన ఇత్తడి సమ్మక్క సారలమ్మ బిళ్ల స్టీరింగ్ మధ్యలో అతికించుకున్నాను.

రిటైర్డ్ లెక్చరర్ (మెకానికల్):

అమ్మా, ముందు ఆ బిళ్ల ఈ రోజే తీసేయండి. స్టీరింగ్ మధ్య మూత చీలి సంచి బయటికి వచ్చి నిండటానికి పట్టేది సెకనులో దాదాపు ముప్పయ్యో వంతు, మనం రెప్ప వేసే లోపే. దాని మీదున్న ఇత్తడి అదే వేగంతో మీ మొహానికి వస్తుంది. ఇలా అతికించే లోహపు బిళ్లలు, రాళ్ల అలంకారాలు వద్దని అమెరికా రోడ్డు భద్రతా శాఖ 2024లో ప్రత్యేకంగా హెచ్చరించింది. అమ్మవార్లను ఇంట్లో పెట్టుకోండి.

దూరం సంగతి: మీ రొమ్ము ఎముక నుంచి స్టీరింగ్ మధ్యకు కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. మీ చేత్తో జానెడు, పైన ఇంకో మూడు నాలుగు వేళ్లు. సీటు వెనక్కి జరిపి, పెడల్ అందకపోతే వీపు ఆనే భాగాన్ని కొంచెం వాల్చండి. స్టీరింగ్‌ను పైకీ కిందికీ కదిపే మీట ఉంటే సంచి మొహానికి కాకుండా ఛాతీకి ఎదురుగా ఉండేలా దించుకోండి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పెట్టండి. బెల్టు తప్పదు, ఆ సంచిని బెల్టుకు తోడుగానే తయారు చేశారు.

రాడ్డు గొడవ ఎయిర్‌బ్యాగ్ బండికీ ఉంది. సంచికి వెనక ఆనుకునేది ఆ స్టీరింగే. కాలమ్ పైకి లేచిపోతే సంచి గురి తప్పుతుంది, అస్సలు జారకపోతే సంచి అణిగాక మిగిలిన దెబ్బ మనిషికే.

బొగ్గు లారీ, భూపాలపల్లి:

మీరంత కార్ల ముచ్చట జెప్తున్నరు. మా బండ్లల్ల స్టీరింగ్ అన్నం పళ్లెం లెక్క పండుకొని ఉంటది. కింది అంచు సక్కగ కడుపుకు. నేను క్లీనర్‌గ ఉన్నప్పుడు మా ఉస్తాద్ ఆగి ఉన్న లారీకి కొట్టిండు. పెద్ద స్పీడేం లేదు. దిగి నిలవడ్డడు, బీడీ గూడ ముట్టిచ్చిండు. పైన ఒక్క గీత లేదు. కడుపుల నొస్తుందన్నడు, గంటల చెమటలు పట్టినయి. దవాఖానకు పోయేవరకు లోపల కార్జం పగిలి నెత్తురంత కడుపులనే నిండింది. తెల్లారే వరకు లేడు. ఆ స్టీరింగ్ కింది అంచు కొంచెమన్న వంగలే, నేను జూసిన.

మా ఉస్తాద్ బెల్టు పెట్టలే, అది ఒప్పుకుంట. కని ఇరవై టన్నుల బండి తోలేటోనికి మెత్తటి అంచు, వంగే అంచు ఎందుకు పెట్టరు? కారుకు ఇన్ని పరీక్షలు జేసేటోళ్లు మా కడుపు గురించి ఆలోచించరా?

రిటైర్డ్ లెక్చరర్ (మెకానికల్):

తమ్ముడూ, మీ ఉస్తాద్ గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరడిగింది న్యాయమైన ప్రశ్న. మన దేశంలో 2023 అక్టోబర్ నుంచి మొదలైన భారత్ ఎన్‌క్యాప్, అంటే బండిని గుద్దించి చూసి భద్రతకు ఇచ్చే నక్షత్రాలు, కార్లకే, లారీలకు కాదు. ఈ రోజు మీ చేతిలో ఉన్నవి రెండు: నడుముకు, భుజానికి వచ్చే బెల్టు, స్టీరింగ్ వాలు. మీట ఉంటే కింది అంచు మీ కడుపు నుంచి ఎంత వీలైతే అంత దూరం జరిగేలా పెట్టండి. ఒంటి చేత్తో తిప్పడానికి స్టీరింగ్ అంచుకు బిగిస్తారే గుండీ, అది ఉంటే తీసేయండి. అంత చిన్న గట్టి ముక్క మీద దెబ్బంతా పడితే లోపలికి దిగుతుంది.

ఆటోనగర్ అన్న:

లారీ తమ్మీ రాసింది జదివినంక నేను షెడ్డు మూసి కూసున్న. సార్ జెప్పిన గుండ్ల ముచ్చట గూడ నాకు తెల్వది, నిజం. ఇగ వెల్డింగ్ పెట్ట. కని నా ప్రశ్న నాకే ఉన్నది: పైసల్లేనోడు వస్తె ఏం జెయ్యాలె? నేనైతే స్క్రాప్‌ల ఎనక నుంచి గుద్దిచ్చుకున్న బండి రాడ్డు తెచ్చి ఏస్త. దానికి ముంగటి దెబ్బ తగులలేదు గద. ఇది గూడ తప్పంటరా?

కాజీపేట రైల్వే కాలనీ:

తప్పే. స్క్రాప్‌లో ఆ బండి ఎన్నిసార్లు గుద్దుకుందో ఎవరికి తెలుసు? ఇయ్యాల రాడ్డంటారు, రేపు స్క్రాప్ ఎయిర్‌బ్యాగ్ అంటారు. ప్రాణం మీదికి వచ్చే వస్తువు కొత్తదే వేయాలి. స్తోమత లేకపోతే బండి నిలబెట్టాలి.

రిటైర్డ్ లెక్చరర్ (మెకానికల్):

ఎయిర్‌బ్యాగ్ విషయంలో కాజీపేట వారితో నూరుపాళ్లు ఏకీభవిస్తాను. అందులో పేలే మందు ఉంటుంది, ఎండకు తేమకు ఎలా పాడైందో పైనుంచి తెలియదు. టకాటా కంపెనీ సంచులు తేమకు మందు చెడి, పగిలి, ఇనప తునకలు విసిరితే ప్రపంచమంతా కోట్ల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. పేలిన సంచి తీసేసి ఖాళీ మూత పెట్టి, లైటు వెలగకుండా వైరు కలిపేవాళ్లది ఇంకా పెద్ద పాపం.

కాలమ్ మాత్రం కంటితో చూసి, టేపుతో కొలిచి తేల్చగల వస్తువు. అదే మోడల్ మంచి బండిలోని కాలమ్‌తో పొడవు కలవాలి. ఆ అల్యూమినియం ముక్కలు చెక్కుచెదరకుండా ఉండాలి. వాటిలో పోసిన ప్లాస్టిక్ పిన్నులు తెగి ఉండకూడదు. గొట్టం మీద కొత్తగా గీరుకున్న జాడ ఉండకూడదు. ఈ నాలుగూ సరిపోతే నేనైతే వేయించుకుంటాను. ఒక్కటి తేడా వచ్చినా వద్దు.

కాజీపేట రైల్వే కాలనీ:

మీరు కొలుస్తారు సార్. అన్ని షెడ్లలో టేపు పట్టుకుని ఎవరు కొలుస్తారు? నా మాట మీదే నేనుంటాను.

హన్మకొండ టీచర్:

కాజీపేట వారి భయం నాకు అర్థమైంది, అందుకే నేనే పక్కన నిలబడి కొలిపించాను. మా వీధిలోనే అదే మోడల్ కారు ఉంది, వాళ్లను అడిగి కవర్ విప్పి పొడవు రాసుకున్నాను. వెనక దెబ్బ తిన్న బండి కాలమ్ దొరికింది. మిల్లీమీటరు తేడా లేదు, ముక్కలు రెండూ, పిన్నులూ ఉన్నాయి. బిగింపుతో కలిపి ఏడు వేలు అయింది. ఈ నెల చిట్టీ డబ్బులు ఆపి కట్టాను.

నాలుగు గడ్డల పాత రాడ్డు ఇంట్లోనే గోనెసంచిలో చుట్టి పెట్టాను. ఆటోనగర్ అన్నా, ఆదివారం పొద్దున తీసుకొస్తాను. మీ షెడ్డు గోడకు వేలాడదీయండి, వెల్డింగ్ అడిగినవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. లారీ తమ్ముడు ఆ రోజు లోడు దింపుకుని ఖాళీగా ఉంటే రమ్మనండి, వాళ్ల బండి స్టీరింగ్ వాలు లెక్చరర్ గారితో చూపిద్దాం.